వీపున మోసే విద్యుత్తు

పాతకాలపు ట్రాన్సిస్టరు రేడియో ఉన్న ఇళ్లలో ఒక అలవాటు ఉండేది. పాట సన్నగిల్లి గొంతు బొంగురుపోగానే వెనుకమూత తీసి, సెల్లులను బయటకు లాగి, డాబా మీద ఎండలో పెట్టేవారు. సాయంకాలపు వార్తల వేళకు అవి మరికొంతసేపు పలికేవి. ఆ కొంతసేపు గడచిన తరువాత కొత్త సెల్లులు కొనక తప్పేది కాదు. దుకాణము వీధి చివరనే ఉండేది గనుక అది పెద్ద కష్టముగా తోచేది కాదు. దుకాణము లేనిచోట, ఎండ సరిగా కాయనిచోట, ఆ సెల్లులతో పలికే యంత్రము మీదనే పదిమంది ప్రాణములు ఆధారపడి ఉన్నచోట ఏమి చేయవలెను? ఈనాటి ప్రసంగములో మేము చెప్పదలచినది ఆ సంగతి.

సరిహద్దులో గస్తీ తిరిగే సైనికుని వీపున ఈనాడు ఉండే సామగ్రిని ఒకసారి తలచుకొనండి. తుపాకి, గుండ్లు, నీరు, ఆహారము, చలిదుస్తులు పూర్వమునుండి ఉన్నవే. వాటికి తోడు నిస్తంత్రి యంత్రము, రాత్రి చీకటిలో చూపునిచ్చే దుర్భిణి, ఉపగ్రహముల సహాయముతో తానున్న చోటు తెలుసుకొనే పరికరము, లేజరు కిరణముతో దూరము కొలిచే సాధనము వచ్చి చేరినవి. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే, చేతిలో ఇమిడేదే. కాని ప్రతి దానికీ కరెంటు కావలెను. అన్నీ కలిపి సగటున 20 వాట్లు అనుకొందాము. ఇంట్లో రెండు ఎల్.ఇ.డి. దీపములకు పట్టేపాటి శక్తి. ఒక్క రోజుకు లెక్క కడితే 480 వాట్‌గంటలు, అనగా మన కరెంటు బిల్లులో అర యూనిట్ కన్న కొంచెము తక్కువ. మంచి లిథియము బ్యాటరీ కిలోకు సుమారు 200 వాట్‌గంటలు ఇస్తుంది. రోజుకు రెండున్నర కిలోల బ్యాటరీ అన్నమాట. నాలుగు రోజుల గస్తీకి పోవలెనంటే దాదాపు పది కిలోలు. అర యూనిట్ కరెంటు మన ఇంట్లో రెండు మూడు రూపాయల మాట. కొండ మీద అది వీపును వంచే బరువు. ఆ పది కిలోల చోట నీరు పోవలెనా, గుండ్లు పోవలెనా, మందులు పోవలెనా అన్నది దళనాయకుడు ప్రతిసారీ తేల్చుకొనవలసిన ప్రశ్న.

ఈ లెక్క మన దేశమునకే ప్రత్యేకము కాదు. 2008లో అమెరికా రక్షణశాఖ ఒక బహిరంగ పోటీ పెట్టినది. నాలుగు కిలోలకు మించని బరువుతో, ఒంటిమీద ధరించుటకు వీలుగా, సగటున 20 వాట్ల చొప్పున 96 గంటలు విద్యుత్తు ఇవ్వగల సాధనమును ఎవరు తెస్తే వారికి పది లక్షల డాలర్లు. కాలిఫోర్నియా ఎడారిలో తుది పరీక్ష జరిగినది. మొదటి మూడు బహుమతులూ ఇంధన ఘటములకే దక్కినవి. మొదటి బహుమతి పొందిన సాధనమును డ్యూపాంట్ సంస్థ, జర్మనీకి చెందిన ఎస్.ఎఫ్.సి. సంస్థ కలిసి చేసినవి. అది మెథనాలుతో నడిచేది.

ఇంతకూ ఇంధన ఘటము అనగా ఏమి? బ్యాటరీకి దీనికి భేదమేమి? బ్యాటరీ అన్నము మూట కట్టుకొని బయలుదేరిన బాటసారి వంటిది. మూటలో ఉన్నంతసేపే దాని బ్రతుకు. ఇంధన ఘటము పొయ్యి వంటిది. కట్టె అందించినంతసేపు మండుతూనే ఉంటుంది. అయితే ఈ పొయ్యిలో మంట లేదు. ఉదజని, ఆమ్లజని కలిసి నీరు కావలెనంటే సాధారణముగా మంటతో, పేలుడుతో కలుస్తవి. ఆ రెండింటి నడుమ ఒక ప్రత్యేకమైన పొరను అడ్డుపెట్టి, ఆ పొర ద్వారా ప్రోటానులు మాత్రమే దాటునట్లు చేసి, ఎలక్ట్రానులను మాత్రము బయటి తీగ చుట్టూ తిరిగి రమ్మంటే, ఆ తిరిగివచ్చే దారిలో అవి మనకు పని చేసిపెడతవి. మంటగా పోవలసిన శక్తిలో పెద్ద భాగము కరెంటుగా చేతికి వస్తుంది.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. 1839లోనే విలియం గ్రోవ్ అనే వేల్సు దేశపు న్యాయవాది దీనిని చేసి చూపించినాడు. వృత్తి న్యాయవాదమైనా ఆయన మనసు ఎప్పుడూ ప్రయోగశాలలోనే ఉండేది. ఆయన చూచినదానిని మీ ఇంట పిల్లలు కూడ చూడవచ్చును. ఒక గాజు గ్లాసులో నీరు పోసి వంటసోడా కలపండి. రెండు పెన్సిళ్లను రెండు వైపులా చెక్కి, క్రింది మొనలు నీటిలో మునుగునట్లు నిలబెట్టండి. పై మొనలకు తొమ్మిది వోల్టుల బ్యాటరీ తీగలు తగిలించండి. మునిగిన మొనల చుట్టూ బుడగలు లేస్తవి: ఒకవైపు ఉదజని, మరొకవైపు ఆమ్లజని. నాలుగైదు నిమిషముల తరువాత బ్యాటరీ తీసివేసి, ఆ తీగలనే వోల్టుమీటరుకు కలపండి. ముల్లు కదలుతుంది. బ్యాటరీ లేదు, అయినా ఒక వోల్టు పైచిలుకు కనబడి, మొనకు అంటుకొన్న బుడగలు తరిగినకొద్దీ దిగిపోతుంది. ఆ కొద్ది క్షణములు మీ గ్లాసు ఇంధన ఘటమైనది. ఉప్పునీటితో మాత్రము చేయవద్దు, క్లోరిను వెలువడుతుంది.

గ్రోవ్ తరువాత నూరేళ్లకు పైగా ఇది ప్రయోగశాల వింతగానే ఉండిపోయినది. 1959లో ఫ్రాన్సిస్ బేకన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు అయిదు కిలోవాట్ల యంత్రమును నడిపి చూపించినాడు. 1965 ఆగస్టులో జెమిని-5 అంతరిక్షనౌక ఇంధన ఘటములతో ప్రయాణము చేసినది. చంద్రుని మీదికి పోయిన అపోలో నౌకలకు దీపము పెట్టినవీ, వ్యోమగాములకు త్రాగునీరు ఇచ్చినవీ బేకన్ మార్గములో చేసిన ఘటములే. మన వీధిలో ఎలక్ట్రిక్ స్కూటరు కూడ లేని రోజులలోనే మానవుడు దీనిని చంద్రుని దాకా తీసుకొని పోయినాడు. చంద్రునికి పోవుట కన్న సిపాయి వీపున ఎక్కుట కష్టమైనదంటే వినుటకు వింతగా ఉంటుంది గాని, నిజము అదే. కారణము ఇంధనము.

ఉదజని తేలికైనది, కాని దానిని మోసుకొనిపోవుట తేలిక కాదు. వందల రెట్ల వాయుపీడనముతో ఉక్కు సీసాలో బంధించవలెను, లేదా అతిశీతలము చేసి ద్రవముగా మార్చవలెను. గస్తీ దళమునకు రెండూ పనికిరావు. అందుచేత ఉదజనిని మరొక పదార్థములో దాచి తీసుకొనిపోయే ఉపాయములు వెదికినారు. సోడియం బోరోహైడ్రైడు అనే తెల్లని లవణము నీటితో కలిసి ఉదజనిని వెలువరిస్తుంది. మహారాష్ట్రలోని అంబర్‌నాథ్‌లో ఉన్న నౌకాదళ పదార్థ పరిశోధనశాల జలాంతర్గామి కొరకు చేసిన ఫాస్ఫారిక్ ఆమ్లపు ఇంధన ఘటము ఈ పద్ధతినే అనుసరించినది. 2021 మార్చి 8న ఆ యంత్రమును ఒడ్డుమీద నడిపి పరీక్షించినారు. జలాంతర్గామికి బరువు మోసే సముద్రము ఉన్నది, సిపాయికి లేదు.

సిపాయికి సరిపోయినది మెథనాలు. అది ద్రవము. మామూలు ప్లాస్టిక్ డబ్బాలో పోయవచ్చును. సున్నకు దిగువ 97 డిగ్రీల వరకు గడ్డకట్టదు. సియాచిన్ చలి దానిని ఏమీ చేయలేదు. దానిని వేరుగా ఉదజనిగా మార్చనక్కరలేకుండ నేరుగా ఘటములోనే వాడవచ్చును. మెథనాలు ఒక అణువు, నీరు ఒక అణువు కలిసి ఉత్ప్రేరకము మీద విడిపోయినప్పుడు ఆరు ఎలక్ట్రానులు వెలువడతవి; మిగిలేది బొగ్గుపులుసు వాయువు. అవతలి వైపు గాలిలోని ఆమ్లజని వాటిని అందుకొని నీరవుతుంది. కిలో మెథనాలులో సిద్ధాంతరీత్యా అయిదున్నర యూనిట్ల శక్తి ఉన్నది. చేతికి వచ్చేది ఒక యూనిట్ పైచిలుకు మాత్రమే. అంత నష్టమైనా చూడండి: యంత్రము బరువు రెండు కిలోల లోపు, నాలుగు రోజుల ఇంధనము కిలోన్నర చిల్లర. పది కిలోల చోట మూడున్నర కిలోలు. ఒక్క రోజుకు మాత్రమైతే లాభము దాదాపు లేదు. పూటకు పోయి పూటకు వచ్చే దళమునకు బ్యాటరీయే మేలు. ఈ భేదమును చెప్పకుండ ఇంధన ఘటము బ్యాటరీని వెళ్లగొట్టునని ప్రకటించుట న్యాయము కాదని మా అభిప్రాయము. రోజులు పెరిగినకొద్దీ దాని విలువ పెరుగుతుంది. నిజానికి రెండూ కలిసే పోతవి. చిన్న బ్యాటరీ నిస్తంత్రి మాటాడే క్షణములో ఎక్కువ శక్తిని అందిస్తుంది. ఘటము నెమ్మదిగా, మాట లేకుండ, రాత్రింబగళ్లు ఆ బ్యాటరీని నింపుతూ ఉంటుంది. జెనరేటరు వలె చప్పుడు లేదు, పొగ లేదు. కొంత వేడి మాత్రము పుట్టుతుంది.

ఇక కష్టములు. ఘటములో ఉత్ప్రేరకము ప్లాటినము. మెథనాలు విడిపోయే దారిలో కార్బన్ మోనాక్సైడు ఏర్పడి ప్లాటినమును పట్టుకొని వదలదు; బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసుకొని పడుకొన్నవారి రక్తమును పట్టుకొనే విషవాయువే ఇది. దానిని వదిలించుటకు రుథేనియము అనే మరొక అరుదైన లోహమును కలపవలెను. రెండవది పొర. ఈ పొర ప్రోటానులను దాటనివ్వవలెను, మెథనాలును ఆపవలెను. కాని మెథనాలు నీటికి దగ్గరి చుట్టము. నీరు దాటే దారినే అదికూడ దాటిపోతుంది. అందుచేత ఘటము లోపల మెథనాలును నూటికి మూడు నాలుగు పాళ్లకు మించకుండ పలుచన చేసి ఉంచవలెను. పలుచన చేయుటకు నీరు కావలెను. ఆ నీటిని సిపాయి మోస్తే ఇక లాభమేమి? కనుక అవతలివైపు పుట్టిన ఆవిరిని చల్లార్చి పట్టి మరల ఇవతలకు పంపవలెను. దానికి ఒక పంపు, ఒక పంఖా, చల్లార్చే గొట్టములు, పాకము కొలిచే సాధనము. చూడగా చూడగా, పెండ్లికొడుకు ఒక్కడే, పరివారము పదిమంది అన్నట్లు ఉంటుంది ఆ పెట్టె. చెడిపోయేది తరచు పెండ్లికొడుకు కాదు, పరివారమే.

18,000 అడుగుల ఎత్తున గాలి పీడనము ఇక్కడి దానిలో సగము. సియాచిన్‌లో అంతకన్న ఎత్తున శిబిరములు ఉన్నవి. అక్కడ ఘటమునకు చాలినంత ఆమ్లజని అందవలెనంటే పంఖా రెట్టింపు తిరుగవలెను. అది తినే కరెంటు కూడ ఆ ఘటమే ఇవ్వవలెను. పైగా మెథనాలు గడ్డకట్టకపోయినా లోపలి పలుచని ద్రవము గడ్డకట్టుతుంది. ఒకసారి ఆగితే మంచుముద్ద అవుతుంది గనుక అక్కడ ఈ యంత్రమును నిద్రపోనివ్వరాదు. పని లేకున్నా కొంత ఇంధనము తగులబెట్టి తన ఒళ్లు తాను వెచ్చగా ఉంచుకొనవలెను. రాజస్థానపు ఎడారిలో దీనికి విరుద్ధమైన కష్టము. ఆవిరిని చల్లార్చుటకు బయట చల్లదనమే లేదు. జల్లెడను దుమ్ము మూసివేస్తుంది. ఒకే పెట్టె రెండుచోట్లా పనిచేయవలెనని అడిగే మన సైన్యపు కోరిక ప్రపంచములో చాలామంది అడగనిది.

ఈ పని గురించి మాటాడునప్పుడు మాకు పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతము కళ్లముందు నిలుచుట ఊరకే కాదు. హైదరాబాదు నుండి బొంబాయి రోడ్డు మీద పడమరగా పోయేవారు ముందు రామచంద్రాపురములో భెల్ కర్మాగారమును చూస్తారు. అది దాటితే పటాన్‌చెరు. ఒక ప్రక్కన 1972 నుండి మెట్టపంటల మీద పరిశోధన చేస్తున్న ఇక్రిశాట్ పొలములు, మరొక ప్రక్కన పారిశ్రామికవాడ. ఇస్నాపూర్, పాశమైలారము, రుద్రారము దాటి కంది చేరితే ఐ.ఐ.టి. భవనములు. అటు ఎద్దుమైలారములో 1984 నుండి ఆయుధ కర్మాగారము ఉన్నది. మన కాల్బలము వాడే సారథ్ కవచవాహనములు అక్కడ తయారవుతవి. 2008లో హైదరాబాదు ఐ.ఐ.టి. మొదలైనప్పుడు దానికి సొంత గూడు లేదు. ఆ ఆయుధ కర్మాగారపు ఆవరణలోనే తొలి తరగతులు జరిగినవి. చదువూ ఆయుధమూ ఒకే ప్రహరీలో కొన్నేళ్లు కాపురము చేసి, తరువాత వేరింటికి వచ్చినవి.

ఇక్కడి మందుల పరిశ్రమ సంగతి వేరుగా చెప్పవలెను. బాలానగరులో ప్రభుత్వము నెలకొల్పిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారము ఒక తరము రసాయన నిపుణులను తయారుచేసినది. వారిలో పలువురు బయటకు వచ్చి సొంత పరిశ్రమలు పెట్టుకొన్నారు. వాటిలో ఎన్నో ఈ ప్రాంతమున వెలసినవి. మందు తయారీలో కరిగించుటకు, కడుగుటకు మెథనాలు నిత్యావసరము. డ్రమ్ములకొద్దీ లారీలలో వస్తుంది. దాని గుణములు, దాని ప్రమాదములు, దానిని శుద్ధి చేసే విధము తెలిసిన పనివారు ఇంత దట్టముగా ఉన్నచోటు దేశములో మరి ఎన్ని ఉన్నవి? అదే ప్రాంతము దానికి మూల్యము కూడ చెల్లించినది. నక్కవాగు, ఇసుకవాగు నీరు ఏ రంగు మారినదో ఆ ఒడ్డు పల్లెల రైతులకు తెలుసును. 1990 నుండి ఆ వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానము దాకా నడచినది. 2025 జూన్ 30న పాశమైలారములోని ఒక మందుల కర్మాగారములో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా కార్మికులు ప్రాణములు కోల్పోయినారు. కనుక సైనికుని బరువు తగ్గించే వస్తువు ఇక్కడ తయారుకావలెనని కోరునప్పుడు, దానిని తయారుచేసే కార్మికుని ప్రాణమును ఆ బరువులో కలిపియే లెక్కించవలెను. మెథనాలు మంట పగలు వెలుతురులో కంటికి ఆనదు. పది మిల్లీలీటర్లు కడుపులోకి పోతే చూపు పోవచ్చును. వాసన చూచి త్రాగుడు సారాయి అని పొరబడినవారు ఉన్నారు. సైనిక శిబిరమునకు పంపే డబ్బా మూత మనిషి చేతితో తెరచుకొనరాదు, యంత్రమునకు బిగించినప్పుడే తెరచుకొనవలెను అనే నియమము అందువలననే వచ్చినది.

ఇంధన ఘటములకు హైదరాబాదు కొత్తది కాదు. భెల్ సంస్థ పరిశోధన విభాగము 1990ల దశకములోనే ఫాస్ఫారిక్ ఆమ్లపు ఘటముల మీద కృషిచేసి, 50 కిలోవాట్ల స్థాయి వరకు తెచ్చినది. కాస్టిక్ సోడా తయారీలో వృథాగా పోయే ఉదజనిని వాడుకొనుట అప్పటి ఆలోచన. బాలాపూర్‌లో ఉన్న ఆర్కి సంస్థ లోహచూర్ణముల విద్యలో పేరు పొందినది. దాని ఇంధన ఘటముల కేంద్రము చెన్నైలో పనిచేస్తున్నది. క్షిపణులకు, టార్పెడోలకు కావలసిన ప్రత్యేక బ్యాటరీలను హైదరాబాదుకు చెందిన హెచ్.బి.ఎల్. సంస్థ తయారుచేస్తున్నది. కందిలోని ఐ.ఐ.టి.లో సురేంద్రకుమార్ మార్తా బృందము 2020లో రెండు ధ్రువములకూ కర్బనపు నారనే వాడి, అయిదు వోల్టులిచ్చే బ్యాటరీని ప్రకటించినది. అది ఇంధన ఘటమునకు పోటీయే. పోటీ ఉండుట మంచిది.

మాకు అన్నిటికన్న ఆశ కలిగించినది మరొకటి. 2022 జనవరిలో భెల్ వారి హైదరాబాదు పరిశోధన కేంద్రములో బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గు నుండి మెథనాలు తీసే నమూనా ప్లాంటు ప్రారంభమైనది. రోజుకు పావు టన్ను దాని శక్తి. మన దేశము వాడే మెథనాలులో అత్యధిక భాగము దిగుమతియే గనుక, పావు టన్ను అంటే సముద్రములో చెంబెడు నీరు. కాని మన సిపాయి లెక్కకు రండి. 20 వాట్ల యంత్రమునకు రోజుకు సుమారు 400 గ్రాములు చాలును. ఆ చిన్న ప్లాంటు ఒక్క రోజు పని 600 మంది సైనికులకు ఒక రోజు విద్యుత్తు. పరిశ్రమకు లెక్కకు రాని పరిమాణము సైన్యమునకు సరిపోయే పరిమాణము. అయితే ఘటము కోరే శుద్ధి వేరు. నూటికి తొంభైతొమ్మిది అంటే మందుల పరిశ్రమలో కొన్ని పనులకు సరిపోవచ్చును. ఘటమునకు ఆ మిగిలిన ఒక్క పాలులో ఏమి ఉన్నదో తెలియవలెను. ఈ సంగతి మాకు పుస్తకము నేర్పలేదు, ఒక డ్రమ్ము నేర్పినది.

ఈ పారిశ్రామికవాడలోనే ఒక చిన్న షెడ్డులో మేము కొందరము కలిసి అయిదు ఘటముల పేర్పు ఒకటి చేసినాము. పొర విదేశమునుండి తెప్పించినది. ఉత్ప్రేరకము కొంత తెప్పించి కొంత మేమే కలుపుకొన్నది. పలకలు ఇక్కడి వర్క్‌షాపులో చెక్కించినవి. మొదటి రోజు ముల్లు నిలకడగా నిలిచినది. రెండవ రోజు కొంచెము దిగినది. మూడవ రోజు సాయంకాలమునకు సగమునకు వచ్చినది. ఉత్ప్రేరకమునకు విషము పట్టినదనుకొన్నాము, పంపును అనుమానించినాము, పలకలు విప్పి మరల బిగించినాము. వారము రోజులు ఈ గొడవ. స్టోరు చూచే పెద్దాయన ఒకనాడు టీ తెచ్చి పెట్టి, మా వాదములు కాసేపు విని, బయటకు పోయి తెల్లని పింగాణీ పళ్లెములో మా డ్రమ్ము అడుగున ఉన్న మెథనాలును కొంచెము పోసి తెచ్చినాడు. పళ్లెము అంచున సన్నని ఎర్రని చార.

"సారూ, గిది కడుగుతందుకు తెచ్చిన డ్రమ్ము, తాగుతందుకు గాదు" అన్నాడు.

మా యంత్రము మెథనాలును త్రాగుతున్నదని ఆయనకు తెలిసినంత స్పష్టముగా మాకు తెలియలేదు. డ్రమ్ము లోపల పూత లేచి త్రుప్పు పట్టినది. ఆ ఇనుము కంటికి కనబడనంత స్వల్పముగా ద్రవములో కలిసి పొరలోకి చేరి, ప్రోటానులు నడువవలసిన మెట్లమీద తాను కూర్చున్నది. ఒకసారి కూర్చున్న ఇనుమును ఘటము నడుస్తుండగా లేపలేము. ఆ పొరలు అయిదూ పోయినవి. వాటి ధర చెప్పి మిమ్ములను విసిగించము. ఆ షెడ్డు ఆరునెలల అద్దె కన్న ఎక్కువ అని మాత్రము చెప్పగలము.

అప్పటినుండి మాకు ఈ విషయములో ఒక మొండి అభిప్రాయము ఏర్పడినది. ఇంధన ఘటపు పెట్టెను చేయుట కష్టము కాదు. పలకలు చెక్కే కమ్మరము, పంపులు, తీగలు, కరెంటును అదుపుచేసే పలకలు, వీటికి రామచంద్రాపురము నుండి సంగారెడ్డి దాకా నేర్పరులు కొదువ లేరు. విదేశీ పెట్టెను తెచ్చి, పైతొడుగు మార్చి, మన పేరు వేయుట మరింత సులభము. యుద్ధము వచ్చిననాడు ఆగిపోయేది పెట్టె కాదు. పొర, ఉత్ప్రేరకము, శుద్ధమైన ఇంధనము. ప్లాటినము దక్షిణాఫ్రికా నేలలో ఉన్నది, మన నేలలో తగినంత లేదు. కనుక తక్కువ ప్లాటినముతో పని జరుపుట, వాడిన ఘటమునుండి దానిని తిరిగి రాబట్టుట నేర్వవలెను. మందుల తయారీలో అమూల్యలోహపు ఉత్ప్రేరకములను మరల రాబట్టే పని ఈ వాడలకు కొత్త కాదు. పొర ఫ్లోరిను కలిసిన ప్లాస్టిక్కు. ఎంతోకాలము చెడని గుణమే దాని గొప్ప, అదే దాని దోషము కూడ. ఒకసారి వాగులో కలిస్తే తరములు గడచినా పోదు. నక్కవాగు ఒడ్డున అటువంటి కర్మాగారము పెట్టమని అడుగుటకు మాకు నోరు రాదు. ఫ్లోరిను లేని పొరల కొరకు ఇతర దేశములలోను మన దేశములోను పరిశోధన నడుస్తున్నది. ఆలస్యమైనా ఆ దారియే ఈ ప్రాంతమునకు తగినదని అనుకొంటున్నాము. ఇంధనము మాట ఇంతకుముందే చెప్పినాము. శుద్ధి చేయుట ఇక్కడివారికి వచ్చును. ఘటమునకు ఏ శుద్ధి కావలెనో వారిని అడిగినవారు తక్కువ. కందిలో చదివే విద్యార్థికి, పాశమైలారములో స్వేదనము చేసే ఆపరేటరుకు నడుమ దూరము ఇరవై కిలోమీటర్ల లోపే. ఆ దూరము రోడ్డుమీద అరగంట. తక్కిన విధముగా కొలిస్తే చాల ఎక్కువ.

సైన్యము వైపునుండి కూడ ఒక మాట. నాలుగు రోజుల గస్తీకి పోయేవారికి ఎంత కరెంటు నిజముగా కావలెను, ఏ గంటలో ఎక్కువ, ఏ గంటలో తక్కువ అన్నది కొలిచి తయారీదారునకు ఇస్తే సగము పని తీరుతుంది. పది పరికరములకు పది రకముల బ్యాటరీలు, పది రకముల మూతులు ఉన్నంతకాలము ఎంత మంచి ఘటమైనా వాటన్నిటికీ అతుకులు మోయవలసినదే. అమెరికా పోటీలో గెలిచిన యంత్రము గొప్పతనములో కొంత ఆ పోటీ ప్రశ్నలోనే ఉన్నది: ఇన్ని వాట్లు, ఇన్ని గంటలు, ఇంత బరువు. అంత నిక్కముగా అడిగితే జవాబు చెప్పేవారు దొరుకుతారు.

మా షెడ్డు సంగతి చెప్పి ముగిస్తాము. డ్రమ్ము మాని స్టెయిన్‌లెస్ స్టీలు క్యానులో, ఇక్కడి ఒక స్వేదనశాలలో మరొకసారి శుద్ధి చేయించిన మెథనాలును తెచ్చుకొన్నాము. మిగిలి ఉన్న రెండు పొరలతో రెండు ఘటముల పేర్పు చేసి నడిపినాము. ముప్పై రెండు రోజులు ముల్లు కదలలేదు. ముప్పై మూడవనాడు కరెంటు పోయినప్పుడు ఆ పేర్పుతోనే ఒక చిన్న దీపము వెలిగించి, పెద్దాయన రిజిస్టరు వ్రాసుకొన్నాడు. అయిదు ఘటముల పేర్పు మరల కట్టుటకు కొత్త పొరలకు ఆర్డరు ఇచ్చి నాలుగు నెలలైనది. అవి ఇంకను ఓడరేవు దాటి రాలేదు.